కులం అడగని కిటికీ

నల్లగొండ జిల్లాలో మా తాలూకా కేంద్రపు టాకీసు 2020 మార్చిలో కరోనా కారణంగా మూతబడింది. మళ్లీ తెరుచుకోలేదు. ఇప్పుడు ఆ స్థలంలో ఫంక్షన్ హాలు కడుతున్నారు. యజమాని చెప్పే నష్టాల లెక్కను నేను కాదనను. రీళ్లు పోయి డిజిటల్ ప్రదర్శన వచ్చింది, దానితో కొత్త ఖర్చులు వచ్చాయి. విడుదలైన కొద్ది వారాలకే సినిమా ఫోనులోకి చేరుతోంది. 2024 మే నెలలో తెలంగాణలోని ఒంటితెర థియేటర్లు ప్రేక్షకులు లేక పది రోజులు ప్రదర్శనలు నిలిపివేశాయి. ఈ మూసివేతలను మనం వ్యాపార వార్తలుగానే చదివి వదిలేస్తున్నాం. వీటితోపాటు మా వాడలు కోల్పోయిన దాని గురించి ఎవరూ రాయడం లేదు.

నేను తొలిసారి ఆ టాకీసుకు వెళ్లింది నాయిన భుజాల మీద. మా ఊరి హోటల్లో మాదిగవాడ వారికి వేరే గ్లాసులుండేవి. అవి చూరులో చెక్కి ఉండేవి. తాగినవాడే కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. దొర గడీ ముందు నుంచి వెళ్లాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి. గుడి సంగతి చెప్పనక్కర లేదు. అటువంటి ఊరి నుంచి ఆరు మైళ్లు నడిచివచ్చిన నాయిన, బుకింగ్ కిటికీలో చెయ్యి పెట్టి నేల టికెట్టు తీసుకున్నాడు. లోపల తెర ముందు ఇసుక కుప్పగా చేసి దాని మీద నన్ను కూర్చోబెట్టాడు. బెరుకుగా చుట్టూ చూస్తున్న నాతో, "టికెట్టు కొన్నంక మనల్ని ఎవ్వడు లెవ్వుమనడు బిడ్డా" అన్నాడు. ఆయన బతుకులో ఆ మాట నిజమైన చోట్లు చాలా తక్కువ.

ఆ భరోసాకు చట్టపు అండ కూడా ఉందన్న సంగతి నాయినకు తెలియదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండవ క్లాజు దుకాణాలు, హోటళ్లతోపాటు ప్రజా వినోద స్థలాలను కూడా పేర్కొని, అక్కడ కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని చెప్పింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం అలా అడ్డుకోవడాన్ని శిక్షార్హం చేసింది. తరువాత దానికే పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చారు. బావినీ గుడినీ తలచుకున్న చట్టం వినోదశాలను కూడా తలచుకోవడం యాదృచ్ఛికం కాదు. మనుషులు పక్కపక్కన కూర్చోవడమే కులవ్యవస్థకు అసలైన ఇబ్బంది.

అయితే టాకీసును సమతా మందిరంగా వర్ణించడం అబద్ధమవుతుంది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అన్న మెట్లు పైకి డబ్బు మెట్లే. కానీ కూలి ఎవరిదో, భూమి ఎవరిదో ముందే కులం తేల్చిన సీమలో నేల మీద ఎవరుంటారో, బాల్కనీలో ఎవరుంటారో చెప్పడానికి జ్యోతిషం అక్కర లేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి విస్తరించింది, మిర్యాలగూడ రైసుమిల్లుల పట్నమైంది. ఆ ప్రాజెక్టు మట్టి మోసిన వారిలో పాలమూరు వలస కూలీలున్నారు. మా టాకీసు కూడా ఆ ధాన్యపు డబ్బుతో లేచినదే. మా వాళ్లు అందులో వాల్‌పోస్టర్లు అంటించారు, గేటు కాశారు, మరుగుదొడ్లు కడిగారు. గల్లాపెట్టె ముందు మాత్రం ఏనాడూ కూర్చోలేదు.

హాల్లో దీపాలు ఆరినంత మాత్రాన కులం ఆరదని అప్పటి గుంటూరు జిల్లా చుండూరు చెప్పింది. 1991లో అక్కడి సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. ఆ తగాదా దళితవాడ మీద సాంఘిక బహిష్కరణగా మారింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. ఒక కాలు తగలడాన్ని కూడా ఓర్వలేని సమాజంలో, వందలాది మంది భుజాలు ఆనించుకుని మూడు గంటలు కూర్చున్న చోటును తేలికగా తీసుకోలేం.

తెర మీది కథలు కూడా ఈ చోటుకు తోడైనవే. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. 1975లో రంగనాయకమ్మ నవల ఆధారంగా దాసరి నారాయణరావు 'బలిపీఠం' తీశారు. 2021 సెప్టెంబరులో మహబూబ్‌నగర్‌లో ఏవీడీ మల్టీప్లెక్స్ తొలి ప్రదర్శనగా వేసిన 'లవ్‌స్టోరీ'లో కథానాయకుడు దళితుడు, కథానాయిక అగ్రకుల యువతి. అంతకు మూడేళ్ల ముందే, 2018 సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో అటువంటి పెళ్లి చేసుకున్న దళిత యువకుడిని ఆసుపత్రి ముందు నరికి చంపారు. ఆ కథ చూడవలసిన వారంతా ఒకే హాలులో కూర్చోగలరా అన్నది నా ప్రశ్న. 2021 డిసెంబరులో ప్రభుత్వం మల్టీప్లెక్సు టికెట్టుకు నిర్ణయించిన కనీస ధర 100 రూపాయలు, గరిష్ఠ ధర 250. పన్ను అదనం. నలుగురున్న కూలి కుటుంబానికి ఒక్క ఆట రోజు కూలిని మింగేస్తుంది. అక్కడా కిటికీ కులం అడగదు. కానీ అది అడిగే డబ్బు కులం పంచిపెట్టిన డబ్బే.

ఇక టాకీసు స్థలంలో లేస్తున్న ఫంక్షన్ హాలు సంగతి. టాకీసుకు టికెట్టు చాలు, ఫంక్షన్ హాలుకు పిలుపు కావాలి. మన దగ్గర పెళ్లి పిలుపు ఏ గడప దాకా వస్తుందో, పిలిచినా ఏ బంతిలో కూర్చోబెడతారో అందరికీ తెలుసు. ఎవరైనా రాగలిగిన చోటు పోయి, రమ్మన్నవారే రాగలిగిన చోటు వస్తోంది. పట్నం పెరిగిందని మురిసిపోయే ముందు ఈ మార్పును గమనించాలి.

యజమానిని నష్టానికి ఆట నడపమని అడగడం న్యాయం కాదు. పురపాలక సంఘాన్ని మాత్రం అడగవచ్చు. మూతబడిన ప్రతి టాకీసుకు బదులుగా పట్నం నడిబొడ్డున, వాడవాడకూ అందే అద్దెతో, ఎవరి పిలుపూ అవసరం లేని ఒక సభాశాల కట్టాలి. సినిమాకు, నాటకానికి, వర్ధంతి సభకు అది అందరిదీ కావాలి. అంబేడ్కర్ భవనం పేరిట దళితవాడ అంచున నాలుగు గోడలు కట్టి చేతులు దులుపుకుంటే చాలదు. అది మమ్మల్ని మా చోటే ఉండమని చెప్పడమే అవుతుంది.

నాయిన ఇప్పుడు లేడు. ఆయన కూర్చున్న నేల మీద రేపు గ్రానైటు పరుస్తారు. ఆ నేల మీద నన్ను ఎవరూ లేవమనరని ఆయన చెప్పిన మాటను, నేను నా పిల్లలకు ఈ పట్నంలో ఏ చోటు చూపించి చెప్పాలి?