పాలకొల్లు మాండొలిన్

పిల్లవాడు గిటారు కొనమని అడిగితే ఇంట్లో పెద్దలకు దిగులు పట్టుకుంటుంది. "దానితోపాటు పరాయి పోకడలూ వస్తాయి, మన పాట మరచిపోతాడు" అంటారు. ఈ మాట మేము ఎన్నో ఇళ్లలో విన్నాము. ఆ భయాన్ని తేలికగా కొట్టివేయము. అయితే అటువంటి తల్లిదండ్రులకు ఒక ఆల్బమ్ సంగతి చెప్పాలని మా కోరిక.

దాని పేరు 'ది బిలీవర్'. 1999లో జరిగిన కచేరీలలో రికార్డు చేసి 2000లో విడుదల చేశారు. వాయించినది 'రిమెంబర్ శక్తి' బృందం. ఇంగ్లండు దేశస్థుడైన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, బొంబాయి తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, కంజీర వాయించే తమిళుడు సెల్వగణేశ్ అందులో ఉన్నారు. నాలుగో వ్యక్తి మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్.

మెక్‌లాఫ్లిన్ జాజ్ సంగీతకారుడు. జాజ్ అమెరికాలోని నల్లజాతి ప్రజల మధ్య పుట్టింది. వాయించేవారు ఒక బాణీని పట్టుకొని, అప్పటికప్పుడు దానిని కొత్తగా అల్లుకుపోతారు. మన కర్ణాటక సంగీతంలోని మనోధర్మం కూడా అటువంటిదే గదా! ఈ ఆల్బమ్‌లో గిటారు ఒక మాట అంటే మాండొలిన్ దానిని విని బదులు చెబుతుంది. ఒకరు వాయిస్తుంటే మిగిలినవారు ఆయనకు చోటిస్తారు.

మాండొలిన్ కూడా పరదేశపు వాయిద్యమే. ఇటలీలో పుట్టింది. ఆరేళ్ల శ్రీనివాస్ తండ్రిగారి మాండొలిన్ చేతబట్టినప్పుడు, దాని మీద కర్ణాటక సంగీతం నేర్పే గురువు లేడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారు పాఠం చెప్పడానికి ముందుకు వచ్చారు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు! ఆయన కీర్తన పాడేవారు. పిల్లవాడు విని, ఆ స్వరాలను తీగల మీద తానే వెదకి పట్టుకునేవాడు. మామూలు మాండొలిన్ మీద నాదం నిలవదు, గమకం పలకడం కష్టం. అందుకని తరువాత ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ వాడాడు. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2014లో, 45 ఏళ్లకే, చెన్నైలో కన్నుమూశారు.

గమనించండి. పరాయి వాయిద్యం ఆయన పాటను చెరపలేదు. ముందుగా చెవిలో మన పాట నాటుకొని ఉన్నది గనుక, ఏ దేశపు గిటారు పక్కన కూర్చున్నా ఆయన తడబడలేదు. చెవిలో ఏమీ లేని బిడ్డ అయితే, విన్నదానినల్లా అనుకరిస్తాడు.

కనుక తల్లిదండ్రులారా, శక్తి ఉంటే గిటారు కొనివ్వండి. మీకు వాయించడం రాకపోయినా ఫరవాలేదు. మీ అమ్మ మీకు పాడిన పాటను సాయంత్రం పూట వాడి పక్కన కూర్చొని పాడండి. తీగల మీద దానిని వాడే వెదకి పట్టుకుంటాడు.