కాకి వ్రాలెను, పండు రాలెను

తాటిచెట్టుపై కాకి వ్రాలినది. ఆ క్షణముననే పండొకటి నేల రాలినది. కాకి వ్రాలుట చేతనే పండు రాలెనని చూచినవాడు ఊరందఱకును చాటును. మన పూర్వులు దీనికి కాకతాళీయమని పేరుపెట్టి నవ్వి ఊరకుండలేదు. ఒకటి యున్నచోట రెండవది యుండుట అన్వయమనియు, మొదటిది లేనిచోట రెండవదియు లేకుండుట వ్యతిరేకమనియు, ఈ రెండును కుదిరినట్లు తోచినను నడుమ దాగియున్న మఱియొక నిమిత్తము లేదని తేల్చుకొనిన పిమ్మటనే నిర్ణయము చేయవలెననియు తార్కికులు విధించిరి. ఆ దాగిన నిమిత్తమునకు ఉపాధి యని పేరు. నిప్పున్నచోటనెల్ల పొగ యుండునని యెవడైన పలికినచో వారు ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండును చూపి, నిప్పు కలదు గాని పొగ యేదీ యని ప్రశ్నింతురు. పొగకు తడికట్టె కావలెను. తడికట్టెయే యిచట ఉపాధి.

నేటి వైద్యపరిశోధకుడు ఆస్పత్రిలోను, ప్రయోగశాలలోను, పల్లె వీధులలోను తిరిగి తిరిగి చేయుచున్న పని ఈ ఉపాధిని వెదకుటయే. ఆ వెదకులాట యెంత కష్టమైనదో తెలుపుటకు పెల్లాగ్రా యను వ్యాధి చరిత్రకంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు. ఏలయన, ఆ చరిత్ర స్పెయిను దేశమున మొదలై, అమెరికా దక్షిణ రాష్ట్రములలో ముదిరి, తుదకు మన తెలంగాణపు జొన్నచేల గట్టుమీదికి వచ్చి నిలిచినది.

ఎండ తగిలినచోట చర్మము కమలి పొలుసులు కట్టుట, మెడచుట్టును హారము వేసినట్లు మచ్చ యేర్పడుట, నోరు పూయుట, తెగని విరేచనములు, క్రమముగా మతి చలించుట, కడకు మరణము – ఇవి దాని లక్షణములు. 18వ శతాబ్దిలో స్పెయిను వైద్యుడు గాస్పర్ కసాల్ దీనిని వర్ణించెను. ఇటలీవారు గరుకైన చర్మమను నర్థమున పెల్లాగ్రా యని పిలిచిరి. మొక్కజొన్న ప్రధానాహారమైన పేదల యిండ్లలోనే యిది కనబడుచుండెను. 20వ శతాబ్ది తొలి దశకములలో అమెరికా దక్షిణ రాష్ట్రములలో ఇది వేలకొలది ప్రాణములను బలిగొనసాగెను.

ఆ కాలమున సూక్ష్మజీవుల శాస్త్రము విజయపరంపరలో నుండెను. క్షయకును, కలరాకును క్రిములు దొరకినవి గనుక దీనికిని ఏదో యొక క్రిమి దొరకక తప్పదని పండితులు నమ్మిరి. 1912లో సౌత్ కెరొలినాలోని స్పార్టన్‌బర్గ్ ప్రాంతమున ఒక పరిశోధకసంఘము ఇల్లిల్లును తిరిగి, రోగి యున్న యింటికి చేరువనున్న యిండ్లలోనే కొత్త రోగులు తలయెత్తుచున్నారనియు, మురుగునీరు పోవు సదుపాయము లేని పేటలలోనే వ్యాధి మిక్కుటముగా నున్నదనియు గ్రహించి, ఇది అంటువ్యాధియే యని తీర్పు చెప్పెను. వారి లెక్కలలో అబద్ధము లేదు. మురుగు ఉన్నచోట వ్యాధి యున్నది. మురుగు లేనిచోట వ్యాధి తక్కువ. కాకి వ్రాలినమాటయు నిజమే, పండు రాలినమాటయు నిజమే.

1914లో అమెరికా ప్రజారోగ్యశాఖ ఈ వ్యాధి పరిశీలనకు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యుని నియమించెను. ఆయన పిచ్చాసుపత్రులను, అనాథాశ్రమములను చూచి వచ్చి, అందఱును చూచియు పట్టించుకొనని యొక సంగతిని పట్టుకొనెను: రోగులతో రేయింబవళ్లు మెలగుచు వారిని కడిగి, తుడిచి, పండుకొనబెట్టు పరిచారకులలో ఒక్కరికిని ఈ వ్యాధి సోకుటలేదు. అంటువ్యాధికి ఇంతటి మర్యాద యెచటిది? మిసిసిపీ రాష్ట్రమునందలి జాక్సన్ నగరపు అనాథాశ్రమములలో మఱింత చిత్రము కనబడెను. పాలు త్రాగు పసిపిల్లలకును, పనులు చేయుచున్నందున కొంత మాంసము లభించు పెద్దపిల్లలకును వ్యాధి లేదు. ఈ రెండును దక్కని నడిమి యీడువారే, ఇంచుమించు ఆఱు మొదలు పండ్రెండేండ్ల వారే, దాని వాత బడుచుండిరి. ఒకే కప్పు, ఒకే నీరు, ఒకే గాలి. భేదము కంచములో మాత్రమే యుండెను.

అయినను చూచుట వేఱు, పరీక్షించుట వేఱు. ఆయన ఆ పిల్లలకు పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుగింజలు పెట్టించెను. మఱుసటి యేడు తిరిగివచ్చునని యందఱును భయపడిన వ్యాధి, ఏడాది పొడుగున పరిశీలింపబడిన 172 మందిలో ఒక్కరికి మాత్రమే తిరిగి వచ్చెను. అప్పటికిని సందేహమునకు చోటున్నది: ఆ యేడు వ్యాధి తనంతట తానే తగ్గియుండవచ్చును గదా? అందుచేత జార్జియాలోని మానసిక చికిత్సాలయమున కొన్ని వార్డులలో ఆహారమును మార్చి, తక్కిన వార్డులవారిని పాత తిండితోనే యుంచి పోల్చిచూచిరి. పాత తిండివారిలో దాదాపు సగము మందికి వ్యాధి మరల వచ్చెను. కొత్త తిండివారికి రాలేదు. నేడు ఏ మందునైనను పరీక్షించునపుడు పోల్చుటకై వేఱొక వర్గమును ఉంచుకొనుట యిందుకే. తక్కెడకు రెండవ తట్ట లేనిదే తూకము లేదు.

ఇక వ్యతిరేకదిశ నుండియు ఋజువు కావలసియుండెను. తిండిని చెఱచినచో ఆరోగ్యవంతునికి వ్యాధి కలుగవలెను. 1915లో మిసిసిపీలోని రాంకిన్ చెఱసాల పొలమున 12 మంది ఖైదీలు, శిక్ష మాఫీ చేయుదుమని గవర్నరు ఇచ్చిన వాగ్దానముమీద ఈ పరీక్షకు ఒప్పుకొనిరి. మొక్కజొన్నపిండి, బియ్యము, పాకము, చిలగడదుంపలు వారి ఆహారము. మధ్యలో ఒకడు తొలగింపబడగా మిగిలిన 11 మందిలో ఆఱుగురికి కొన్ని నెలలలోనే పెల్లాగ్రా లక్షణములు పొడచూపెను. శాస్త్రమునకు సాక్ష్యము దొరకినది. కాని నేటి నీతినియమములు ఈ పరీక్షకు అనుమతి నీయవు. చెఱసాల తలుపు తెఱచెదమని చెప్పి పుచ్చుకొనిన సమ్మతి స్వేచ్ఛాసమ్మతి కాదు.

అంటువ్యాధి కాదని చూపుటకు మాత్రము గోల్డ్‌బెర్గర్ ఖైదీల దేహములను అడుగలేదు. 1916లో తానును, తన భార్య మేరీయు, సహోద్యోగులును కలసి 16 మంది ఇందుకు పూనుకొనిరి. కొందఱు రోగుల రక్తమును సూదితో ఎక్కించుకొనిరి. కొందఱు రోగుల పొలుసులను, మలమును సైతము పిండిలో కలిపి మాత్రలుగా మ్రింగిరి. ఒక్కరికిని వ్యాధి రాలేదు. అయినను నమ్మనివారు నమ్మలేదు. ఖైదీలకు వచ్చినది నిజమైన పెల్లాగ్రా కాదనిరి. ఒక సిద్ధాంతముతో చిరకాలము కాపురము చేసినవానికి దానిని విడుచుట ఆలిని విడుచుటకంటె కష్టము.

అటులైన స్పార్టన్‌బర్గ్ మురుగుకాలువల లెక్క యేమైనది? దాని ముడి విప్పినవాడు వైద్యుడు కాడు, ఎడ్గర్ సిడెన్‌స్ట్రికర్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు. 1916 నుండి ఆయనయు గోల్డ్‌బెర్గరును ఏడు నూలుమిల్లు గ్రామములలో పదునైదు దినముల కొకసారి ఇంటింటికిని మనుష్యులను పంపి రోగులను లెక్కించి, ఎవరి యింట ఏమి వండుకొనుచున్నారో, ఎవరి రాబడి యెంతయో వ్రాయించిరి. రాబడి తగ్గినకొలది వ్యాధి హెచ్చెను. మురుగుకాలువ లేని యిల్లే పాలు లేని యిల్లు. రెంటికిని మూలము లేమి. అదియే తడికట్టె. మిల్లు కూలీకి గొడ్డు లేదు, వాకిలి దాక ప్రత్తిచేను వ్యాపించగా కూరపాదునకు చోటులేదు.

పరిశోధకుడు ఊహింపగల ఉపాధులను ఈ విధముగా కొలిచి వేఱుచేయవచ్చును; ఊహకందని వానిమాటయో? 1948లో బ్రిటనువారు ప్రకటించిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో, క్షయరోగులలో ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రమే యన్నది వైద్యుని యిచ్ఛకు విడువక చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. పేదరికము, వయస్సు, ఇంకను మనకు పేరైన తెలియని నిమిత్తములన్నియు తక్కెడ రెండు తట్టలలోను ఇంచుమించు సమముగా పడుటకు ఇంతకంటె మేలైన యుపాయము నేటికిని దొరకలేదు.

గోల్డ్‌బెర్గర్ 1929లో మరణించెను. తిండిలో లోపించినది యేదో ఆయనకు తెలియదు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్‌రాడ్ ఎల్వెహెమ్, పెల్లాగ్రాకు సాటియైన, కుక్కలకు నాలుక నల్లబడు వ్యాధిని నికొటినిక్ ఆమ్లమను విటమినుతో కుదిర్చి చూపెను. మొక్కజొన్నలో ఆ విటమిను శరీరమునకు అందని రూపమున బంధింపబడి యున్నది; దానిని తయారుచేసికొనుటకు కావలసిన ట్రిప్టోఫాన్ కూడ అందు తక్కువ. మొక్కజొన్నను సున్నపునీట ఉడికించి ఆ బంధమును విడిపించి తిను మెక్సికోవారికి ఈ వ్యాధి యేల అరుదో దానితో తెలిసెను.

కథ ముగిసినదనుకొనిరి. అంతలో హైదరాబాదునుండి మఱియొక ప్రశ్న వచ్చెను. 1958లో కూనూరునుండి ఈ నగరమునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్ ప్రభృతులు, జొన్నరొట్టె, జొన్న సంకటి మాత్రమే తిని బ్రతుకు దక్కను పీఠభూమి కూలీలలో పెల్లాగ్రాను చూచిరి. జొన్న మొక్కజొన్న కాదు. దానిలో ట్రిప్టోఫాన్ అంత కొఱవడి లేదు. అయినచో వ్యాధి యేల? జొన్నలోను మొక్కజొన్నలోను మెండైయున్న ల్యూసిన్ అను అమైనో ఆమ్లము విటమిను వినియోగమునకు అడ్డుతగులుచున్నదని గోపాలన్, శ్రీకాంతయ్యలు 1960లో ప్రతిపాదించిరి. కుక్కలపై చేసిన ప్రయోగములు వారికి సాక్ష్యమిచ్చినవి. ఇతర దేశములలో కొందఱు ఎలుకలపై చేసినపుడు అట్టి ఫలితము రాలేదు. బి6 విటమిను చేరినచో లెక్క మాఱునని పిమ్మట ఈ సంస్థలోనే తేలినది. పప్పుతో, పాలతో, ఆకుకూరతో జొన్న తినువాడు భయపడవలసినది లేదు. జొన్న తప్ప వేఱేమియు లేనివాని కంచమే యిచట ప్రశ్న.

ఆ వాదము తీరకమునుపే వ్యాధి మన ప్రాంతమున అరుదైనది. జొన్న తినుట తగ్గినందున వ్యాధి తగ్గినదని చెప్పబోయి నాలుక కఱచుకొనవలసియున్నది. ఆ దశాబ్దములలోనే జొన్నచేలు తగ్గినవి, కంచములో బియ్యము హెచ్చినది, 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది, పల్లెకు ఆస్పత్రియు మాత్రలును చేరువైనవి. వీనిలో కాకి యేదో, పండిన తొడిమ యేదో, ఎవరో ఇల్లిల్లును తిరిగి, కంచము కంచమును చూచి లెక్క వ్రాసిననే గాని తెలియదు.