చదరంగపు బల్లముందు మన హంపి

మా మేడ్చల్ ప్రాంతమున పేకాటయను మాట వినినంతనే గృహిణుల ముఖములు ముడుచుకొనును. శామీర్‌పేట వైపు తోటల నడుమ గట్టిన యిండ్లలో పేకాటరాయుళ్లు పట్టుపడిరను వార్త పత్రికలలో తఱచుగ కానవచ్చును. ఇందుచేత కాబోలు, ఆడపిల్ల బల్లముందు కూర్చుండి యేయాట యాడినను పెద్దలకు సందేహమే. మా పొరుగింటి పదుమూడేండ్ల బాలిక చదరంగపు పోటీకి పోవగోరినప్పుడు, దాని నాయనమ్మ "పేకలైనను పావులైనను జూదము జూదమే" యని యడ్డగించినది. ఆమెకు చెప్పిన మాటలనే సోదరీమణులకును విన్నవించుచున్నాను. నేను కోనేరు హంపిగారి యభిమానిని. పక్షపాతము కొంత యుండును, మన్నింపుడు.

ముందు జూదము సంగతి. నలమహారాజు పుష్కరునితో జూదమాడి రాజ్యము పోగొట్టుకొనెను. పిదప ఋతుపర్ణునివద్ద అక్షహృదయమను విద్య నేర్చి, మరల నాడి, రాజ్యమును గైకొనెను. పాచికలలో సైతము విద్యకు చోటున్నదని కథయే చెప్పుచున్నది గదా! మన కాలమున నీ సంశయము సర్వోన్నత న్యాయస్థానము దాక పోయినది. సికిందరాబాదులోని యొక క్లబ్బులో రమ్మీ యాడినవారిపై వచ్చిన కేసులో 1967 నవంబరున తీర్పు వెలువడెను. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏది యుంచవలెనో యేది విడువవలెనో యెఱుగుట నేర్పుతో గూడిన పని గనుక రమ్మీ ప్రధానముగ నేర్పుగల యాటయనియు, మూడుముక్కలాట యట్టిది కాదనియు న్యాయమూర్తులు పలికిరి. అయినను 2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి డబ్బొడ్డి యాడు రమ్మీని నిషేధించినది. 2025లో కేంద్రమును ఆన్‌లైను పందెపుటాటలపై నిషేధము విధించినది. నేర్పున్ననేమి, సంసారములు కూలుచుండగా? నాకందు ఆక్షేపణ లేదు.

చదరంగమున మూసిన ముక్క యనునది లేదు. ఉభయపక్షముల ముప్పదిరెండు పావులును కన్నులయెదుటనే యుండును. ఓడినచో తిట్టుకొనుటకు అదృష్టమైనను దొరకదు. ఈ మాట విని నాయనమ్మ "పందెము లేదు గదా?" యని రెండుమాఱు లడిగినది. బహుమానము కలదు, పందెము లేదంటిని. ప్రవేశరుసుము మాట నేనెత్తలేదు.

హంపి 1987 మార్చి 31వ తేదీన గుడివాడలో జన్మించినది. తండ్రి అశోక్‌గారు కుమార్తెకు ఆట నేర్పుటకై యుద్యోగమునే విడిచిరి. ఇట్టి త్యాగము బడిపంతులు జీతముతో గడుపు మావంటి యిండ్లలో సాధ్యము కాదు. ఆయనను మెచ్చుకొనుచునే ఈ మాట కూడ చెప్పుట న్యాయము. 2002లో, పదునైదేండ్లు నిండిన రెండు మాసములలోపుననే, ఆమె గ్రాండుమాస్టరు బిరుదము నందెను. అంతటి చిన్నవయసున ఆ బిరుదము గొన్న స్త్రీ అప్పటికి లోకమున వేఱొకతె లేదు. హంగేరీదేశపు జూడిత్ పోల్గార్ పేరనున్న ఘనత దీనితో వెనుకబడినది. భారతస్త్రీలలో గ్రాండుమాస్టరైన మొదటి యామెయు హంపియే. 2007లో పద్మశ్రీ వచ్చినది.

నా యభిమానము మాత్రము ఈ బిరుదములవలన గలిగినది కాదు. 2011లో తిరానా నగరమున ప్రపంచకిరీటమునకై చైనా యువతి హౌ యీఫాన్‌తో తలపడి, ఒక్క యాటయైనను గెలువక యోడెను. 2014లో వివాహము, 2017లో ఆడుబిడ్డ. పసిబిడ్డ తల్లికి పావులేల యను లోకము మనదే కదా. ఆమె మరల బల్లముందు కూర్చుండినది. తాను పోటీలకు పోయినప్పుడు బిడ్డను తన తల్లిదండ్రులు చూచుకొందురని ఆమెయే చెప్పుచుండును. అట్టి తోడులేనివారి మాట వేఱు.

2019 డిసెంబరున మాస్కోలో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీ కడపట లీ టింగ్జీతో సమానముగ నిలువగా నిర్ణాయకపు టాటలు పెట్టిరి. ఈ పోటీలో ఒక్కొక్కరికి పదునైదు నిమిషములు, ఎత్తునకు పది క్షణములు అదనము. అన్నము వార్చునంతసేపైనను లేదు. హంపి తొలియాట యోడెను, రెండవది గెలిచెను, మూడవదానితో కిరీటము తెచ్చెను. అయిదేండ్లకు న్యూయార్కులో మరల నదే పోటీ. మొదటి యాటయే యోటమి! అయినను తక్కినవానిని క్రమముగ నాడుచు, పదునొకొండింట ఎనిమిదిన్నర పాయింట్లతో, నల్లపావులతో నాడిన చివరి యాటను గెలిచి రెండవమాఱు విజేత యయ్యెను. అప్పటికి వయస్సు ముప్పదియేడు.

పొరుగింటి బాలిక కీ న్యూయార్కు కథయే మిక్కిలి నచ్చినది. "మొదటిది పోయినను ఇంటికి రానక్కఱలేదన్నమాట, పిన్నిగారూ!" అనినది. నాయనమ్మ యొప్పుకొని, తాను కూడ వెంటవచ్చెద నన్నది.

2025 జూలైలో బాతూమీ నగరమున ప్రపంచకప్పు తుదిపోరు ఇరువురు భారతస్త్రీల నడుమ జరిగెను. ముప్పదియెనిమిదేండ్ల హంపికి ఎదుట పందొమ్మిదేండ్ల నాగపురపు దివ్యా దేశ్‌ముఖ్. రెండాటలు సమమయ్యెను. ర్యాపిడ్ ఆటలలో హంపి యోడెను. ఆ గెలుపుతో దివ్యకు గ్రాండుమాస్టరు బిరుదమును లభించెను, భారతస్త్రీలలో నాల్గవది. నడుమ నున్న యిరువురు మన ద్రోణవల్లి హారిక, చెన్నపట్టణపు వైశాలి.