ముద్ర చెప్పే ఊరు, పిడి చెప్పే అడవి

తాతల ట్రంకు పెట్టెల్లో తుప్పు పట్టిన మడత చాకులు పాత ఇనుముతో పాటు తూకానికి వెళ్లిపోతున్నాయి. వాటిని ఇచ్చేసే ముందు ఒక్కసారి బ్లేడు మొదలు, పిడి పరిశీలించండి. ఒక ఊరు, ఒక కాలం, ఒక అడవి బయటపడతాయి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఏ ఊరైనా సరే. పాత మిద్దె పడగొట్టేటప్పుడో, పెద్దవాళ్లు పోయాక పెట్టెలు సర్దేటప్పుడో కొన్ని వస్తువులు కలిసే దొరుకుతాయి. తాళంచెవుల గుత్తి, చెల్లని నాణేలు, ముక్కుపొడి డబ్బీ, బిగుసుకుపోయిన ఒక మడత చాకు. నాణేలు పిల్లలు తీసుకుంటారు. డబ్బీని ఎవరో ఒకరు దాచుకుంటారు. చాకు మాత్రం తెరుచుకోదని పాత సామాన్ల బండెక్కుతుంది. నిజానికి ఆ నాలుగింటిలో ఎక్కువ కబుర్లు చెప్పగలిగింది అదే.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పండ్లు కోసుకున్నదని చెప్పే రత్నాల చాకును చూసి ముచ్చటపడతాం. మామూలు గుమాస్తా పెన్సిలు చెక్కుకున్న చాకుకూ చరిత్ర ఉంటుంది. దాన్ని చదవడం తెలియాలి, అంతే.

బ్లేడు మొదట్లో చిరునామా

చాకు తెరిచి, బ్లేడు పిడిలోకి దిగే చోట చూడాలి. తయారుచేసినవాళ్లు తమ ముద్ర కొట్టేది అక్కడే. సానరాయి అంతదాకా రాదు కాబట్టి, పదును పెట్టీ పెట్టీ బ్లేడు సగానికి అరిగిపోయినా ముద్ర నిలిచే ఉంటుంది.

నక్షత్రం, పక్కనే మాల్టా శిలువ కనిపిస్తే అది ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన జోసెఫ్ రోడ్జర్స్ అండ్ సన్స్ గుర్తు. 1822లో ఈ సంస్థ నాలుగో జార్జి రాజుకు కత్తులు సరఫరా చేసే హోదా పొందింది. ఆ ఏడాది గుర్తుగా 1,822 బ్లేడ్లున్న ఒక చాకునే తయారుచేసింది! షెఫీల్డ్‌లోనే జార్జి వోస్టెన్‌హోమ్ సంస్థది 'ఐ ఎక్స్ ఎల్' ముద్ర. జంట మనుషుల బొమ్మ ఉంటే జర్మనీలోని జోలింగెన్‌లో 1731లో నమోదైన హెంకెల్స్ గుర్తు.

పేరున్న చోట నకిలీలూ ఉంటాయి. రోడ్జర్స్ పేరును పోలిన పేర్లతో, ఒక అక్షరం అటూ ఇటూ చేసి చాకులు అమ్మినవాళ్లు ఎందరో. అందుకే భూతద్దం పెట్టి అక్షరం అక్షరం చదవాలి. అసలు ముద్రలో గీతలు తీరుగా, లోతుగా ఉంటాయి.

కాలం తేల్చడానికీ ఆనవాళ్లున్నాయి. కిరీటం పక్కన 'వి ఆర్' అని ఉంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837 - 1901 మధ్యది. 'డబ్ల్యు ఆర్' అయితే అంతకుముందు ఏడేళ్లు ఏలిన నాలుగో విలియం నాటిది. సరుకు ఒకచోట చేసి మరోచోటి పేరు కొట్టడాన్ని అడ్డుకునేందుకు బ్రిటన్‌లో 1887లో, ఆ వెంటనే 1889లో మన దేశంలోనూ సరుకు ముద్రల చట్టాలు వచ్చాయి. చాకు మీద 'జర్మనీ' అని దేశం పేరు కనిపిస్తే చాలావరకు ఆ తర్వాతిదే. 'స్టెయిన్‌లెస్' అని ఉంటే 1913కు ముందుది కానే కాదు. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుప్పు పట్టని ఉక్కును తయారుచేసింది ఆ సంవత్సరంలోనే. ఎర్ర పిడి స్విస్ చాకు మీద 'విక్టోరినాక్స్' అన్న పేరుంటే 1921 తర్వాతిది.

పిడి తీరు వేరు

ముద్రను అనుకరించినంత తేలిగ్గా పిడిని అనుకరించలేరు. గరుకుగా, గోధుమరంగు గాళ్లతో, చెట్టు బెరడును తలపించే పిడి కనిపిస్తే అది కణుజు కొమ్ము. సాంబర్ జింక అంటామే, అదే. షెఫీల్డ్ పనివాళ్లు కోరి తెప్పించుకున్న కొమ్ము మన దేశపు సాంబర్‌దే. దాన్ని ఓడల్లో తీసుకెళ్లారు, పలకలుగా కోశారు, బ్లేడుకు రివిట్లు కొట్టి బిగించారు. అలా తయారైన చాకుల్లో కొన్ని మళ్లీ ఓడెక్కి మన బజార్లకే వచ్చాయి. బ్లేడు మీద ఇంగ్లండు ఊరి పేరుంటుంది, పిడి మాత్రం మన అడవిది. పాత చాకు చేతికి దొరికినప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునే నిజం ఇది.

కొమ్ము ఖరీదు కాబట్టి పశువుల ఎముకకు గాళ్లు చెక్కి, రంగు వేసి కొమ్ములా కనిపించేలా చేశారు. రెండు పిళ్లు పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. ఎముక మీద చెక్కిన గాళ్లు ఒకే లోతులో, ఒకే ఎడంలో వరుసగా నడుస్తాయి. కొమ్ము గాళ్లకు ఆ క్రమం ఉండదు. ఎముకను భూతద్దంలో చూస్తే సూది మొనలంత నల్లటి చుక్కలు, సన్నని గీతలు కనిపిస్తాయి. ఏనుగు దంతంలో ఆ చుక్కలుండవు. అడ్డంగా కోసిన అంచున గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వలలా అల్లుకుని ఉంటాయి. గేదె కొమ్ము నల్లగా నిగనిగలాడుతుంది, పాతబడితే పొరలు లేస్తుంది. ముత్యపు చిప్ప చేతికి చల్లగా తగిలి, వెలుగు మారినప్పుడల్లా రంగు మారుస్తుంది.

సెల్యులాయిడ్ పిడితో మాత్రం జాగ్రత్త. 1870 తర్వాత వచ్చిన ఈ సరుకు దంతాన్నీ తాబేటి చిప్పనూ చక్కగా అనుకరిస్తుంది. రుద్దితే కర్పూరం వాసన వస్తుంది. పాతబడే కొద్దీ ఆమ్లపు ఆవిర్లు వదిలి పక్కనున్న చాకులకూ తుప్పు పట్టిస్తుంది. ఇట్టే అంటుకుంటుంది. పిడి ఏమిటో తేల్చుకోవాలని కాల్చిన సూదితో గుచ్చే అలవాటు కొందరికుంది. ఆ పని ఎప్పుడూ చేయకండి.

మన దారిన ఎవరెవరు వచ్చారు?

ఇలాంటి చాకులు మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కలకు చేరడానికి దారులు చాలానే ఉన్నాయి. మదనపల్లె దగ్గరి కొండ మీద ఇల్లు కట్టుకుని ఆ కొండకే తన పేరు మిగిల్చిన కలెక్టర్ హార్స్‌లీ ఇంగ్లండు నుంచి వచ్చినవాడు. అమెరికన్ ఆర్కాట్ మిషన్ వైద్యులు మదనపల్లెలో ఆసుపత్రి నడిపారు. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి తొలి సారథి ఫ్రిమోట్-మోలర్ డెన్మార్క్ వైద్యుడు. పుంగనూరులో జమీందారీ కచేరీ ఉండేది. కుప్పం మీదుగా మద్రాసు - బెంగళూరు రైలు నడిచింది. అక్కడికి దగ్గర్లోని కోలారు బంగారు గనులను 1880 నుంచి ఇంగ్లండుకు చెందిన జాన్ టేలర్ కంపెనీ నడిపింది. దొర ఊరికి వెళ్తూ గుమాస్తాకు ఇచ్చి ఉండొచ్చు, గని పనివాడు సంతలో అమ్మి ఉండొచ్చు. మీ ఇంటి చాకుది ఏ దారో మీ ఇంటి పెద్దలే చెప్పాలి.

ముద్ర లేని మన చాకు

విదేశీ చాకు రాకముందే దక్షిణాదిలో జేబు కత్తిలాంటి పనిముట్టు ఒకటుండేది. తాటాకు మీద రాసేవాళ్ల మడత గంటం అది. పిడికి ఒకవైపు అక్షరం గీసే ఇనుప మొన, మరోవైపు ఆకు అంచులు కత్తిరించే చిన్న కత్తి. రెండూ పిడిలోకి మడుచుకుంటాయి. పిడి ఇత్తడి, కొమ్ము, ఎముక, దంతం, ఏదైనా కావచ్చు.

దీన్ని తిప్పి తిప్పి చూసినా చేసినవాడి పేరు దొరకదు. షెఫీల్డ్ సంస్థ పేరును చట్టం కాపాడింది, కోర్టులు కాపాడాయి. మన కమ్మరి పేరు ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి కొట్టాల్సిన అవసరమే రాలేదు. ఇప్పుడా ఊరూ మారింది, తెలిసినవాళ్లూ లేరు. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో కుప్పంలో విశ్వవిద్యాలయమే వెలిసింది. అలాంటి చోట్ల తాళపత్రాలకు ఇచ్చే గౌరవం వాటిని రాసిన గంటాలకూ దక్కాలి.

మీ ఇంట్లో దొరికితే...

* ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండు పెట్టి రుద్దొద్దు. పులుపు ముద్రను తినేస్తుంది. సాన పట్టించొద్దు. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

* బిగుసుకుపోతే కీలులో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా వదిలేయండి. కొబ్బరినూనె వద్దు, జిగటై దుమ్ము పట్టుకుంటుంది.

* సెల్యులాయిడ్ పిడి చాకును గాలి తగిలే చోట విడిగా ఉంచండి.

* ఏనుగు దంతం కొనడం, అమ్మడం నేరం. కణుజు కొమ్ము వ్యాపారానికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డుంది. వారసత్వంగా వచ్చినదైతే అటవీ శాఖను అడిగి తెలుసుకోండి.

* ఇంటి పనికీ సాగుకూ పరిశ్రమలకూ శాస్త్ర అవసరాలకూ కాని కత్తి బ్లేడు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటితే ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. ఒక చీటీ తీసుకుని రాయండి: ఈ చాకు ఎవరిది, ఏ ఊళ్లో వాడారు, దేనికి వాడారు, ఎవరు చేశారు. రోడ్జర్స్ పేరు మీరు రాయకపోయినా ఉక్కు మీద ఉంటుంది. మీ ఊరి కమ్మరి పేరుకు మాత్రం ఆ చీటీ తప్ప వేరే ముద్ర లేదు. ఆ పేరు గుర్తున్నవాళ్లు ఇంట్లో ఉండగానే రాసిపెట్టండి.