నడిదారిలో నిలిచిన ఇల్లు

ఇల్లు కదలదు గనుకనే దానికి స్థిరాస్తి అని పేరు వచ్చినది. కాని ఈ రోజుల్లో ఇల్లు కూడ చక్రాలమీద కదులుతున్నది. మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్జు, నీళ్ల తొట్టె అన్నీ అమర్చిన క్యారవాన్ బండ్లు బెంగుళూరులో అద్దెకు దొరుకుతున్నవి. అటువంటి ఇల్లు కొండదారిలో నిలిచిపోతే ఏమి చేయవలెనో మాకు అనుభవంమీదనే తెలిసినది. మన సంఘంలో మరికొన్ని కుటుంబాలవారు వేసవికి ఇటువంటి ప్రయాణం తలపెట్టినట్లు విన్నాము గనుక, మా తప్పు దాచకుండా చెప్పుకొంటున్నాము.

2024 మే నెలలో కోలారునుంచి, పెద్దలు పిల్లలు కలిసి ఆరుగురము, హార్స్‌లీ కొండకు బయలుదేరినాము. వెనుక కడప కలెక్టరుగా ఉండిన హార్స్‌లీ దొర వేసవి విడిది కట్టుకొన్న కొండ అది. పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. శ్రీనివాసపురం మీదుగా మదనపల్లె చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటినది. మా అమ్మకు మధుమేహం. ఆమె ఇన్సులిన్ బండిలోని ఫ్రిజ్జులో ఉన్నది.

కొండ ఎక్కడం మొదలైన కాసేపటికే డ్రైవరు కుర్రవాడు, "సార్, వేడి ముల్లు పైకి పోతా ఉంది. కొంచెం ఆపుదామా?" అన్నాడు. మేము, "పైకి పోయి ఆపుదాం నాయనా, పొద్దు గూకుతుంది" అన్నాము. ఆ ఒక్క మాటే మా కష్టానికి మొదలు.

బండి బరువు, నిండు నీళ్ల తొట్టె, చిన్న గేరులో ఎక్కుడు, దానికి తోడు లోపల ఏ.సి. ఇంజను ఎంతని ఓర్చుకొంటుంది? మరి రెండు మలుపులు తిరగగానే బానెట్ సందులనుంచి ఆవిరి బుస్సున లేచినది. బండి ఆగినది. పిల్లలు బెదిరినారు. ఇంజను ఆగితే ఫ్రిజ్జూ ఆగుతుందనీ, మందు చెడుతుందనీ మాకు భయం పట్టుకొన్నది. "ఆలస్యం అమృతం విషం" అని డ్రైవరును తొందర పెట్టినాము. మా మాటకు ఎదురు చెప్పలేక అతడు గుడ్డ చుట్టుకొని రేడియేటరు మూతమీద చేయి వేసినాడు.

సరిగా అప్పుడే పైన సామాను దించి వస్తున్న ఒక చిన్న లారీ మా పక్కన ఆగినది. "ఒరేయ్ అబ్బాయా, మూత ముట్టుకోవద్దు! మొగం కాలిపోతాది!" అని దాని డ్రైవరు కేక వేసి దిగినాడు. మావైపు తిరిగి, "నిదానం ప్రధానం సార్. ముందు చల్లారనీండి" అన్నాడు.

అతడు చెప్పిన సంగతి ఇది. రేడియేటరులోని నీరు మూత బిగింపువల్ల ఒత్తిడిలో ఉంటుంది. అందువల్ల 100 డిగ్రీలు దాటినా మరగదు. వేడిమీద మూత తీస్తే ఒత్తిడి పోయి, ఆ నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది. కనీసం అరగంట, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు ఆగి, చేతికి వేడి తగలనప్పుడే మూతను మెల్లగా తిప్పవలెను. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయడమూ తప్పే, ఇనుము పగలవచ్చును.

ఆ విరామంలో చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టినాము. బండికి దూరంగా వెనుకవైపు మలుపుకు ముందే ఎర్ర త్రికోణం నిలిపినాము. పిల్లలను బండి ముందూ వెనుకా నిలువనీయక, రోడ్డు అంచు దాటించి కొండవైపు కూర్చోబెట్టినాము. గ్యాసు సిలిండరు బిరడా మూసినామా లేదా అని మరల చూచుకొన్నాము.

ముప్పావుగంటకు చల్లారినది. చూడగా పై గొట్టం క్లిప్పు దగ్గర చిట్లి, కూలెంటంతా కారిపోయినది. లారీ డ్రైవరు చిట్లిన కొసను రెండు వేళ్ల మందాన కోసివేసి, మిగిలినదాన్ని ఎక్కించి క్లిప్పు బిగించినాడు. అంట్లకని తెచ్చుకొన్న నీళ్లే రేడియేటరులో పోసినాము. ఇక పైకి పోవద్దని అతని సలహా. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగవలెనట. బ్రేకులే నమ్ముకొని దిగితే అవి కాగి పట్టు వదులుతవి. బయలుదేరేముందు మేము పెట్టిన రాళ్లను అతడే రోడ్డు పక్కకు తీసివేసినాడు. "వెనక రాత్రిపూట మోటారు సైకిలువాడు వస్తాడు సార్" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే టీకి మాత్రమే తీసుకొన్నాడు.

ఆ రాత్రి మదనపల్లెలోనే బండిలో పడుకొన్నాము. మరునాడు మెకానిక్ కొత్త గొట్టం వేసి కూలెంటు నింపినాడు. ఫ్రిజ్జు తెరిచి చూస్తే ఇన్సులిన్ చల్లగానే ఉన్నది! ఇటువంటి బండికి బ్యాటరీలు రెండట. ఒకటి ఇంజనుకు, ఒకటి ఇంటికి. ఇంజను ఆగినా ఇంటి బ్యాటరీ కొన్ని గంటలు పనిచేస్తుంది. పైగా వాడుకలో ఉన్న ఇన్సులిన్ సీసా ఎండ తగలకుండా చల్లని గదిలో ఉంచితే మామూలుగా నాలుగు వారాలు నిలుస్తుందని, ఏ మందుకు ఎంత గడువో దాని కాగితంలో చూచుకొమ్మని మా డాక్టరు తరువాత చెప్పినారు. ఈ రెండూ ముందే తెలిసి ఉంటే మేము ఆ బిడ్డను తొందర పెట్టి ఉండము గదా!

కనుక బయలుదేరేవారికి మా మనవి. బండి అద్దెకు తీసుకొనేటప్పుడు గొట్టాలు, బెల్టు, టైర్లు, స్టెప్నీ, జాకీ పగటివేళ చూపించుకొనండి. ఇంటి బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అడగండి. తాగే నీరు కాక రెండు క్యానుల నీరు, టార్చిలైటు, రెండు క్లిప్పులు, తాడు ఉంచుకొనండి. కొండమీద ఫోను పలుకకపోవచ్చును గనుక అవసరమైన నంబర్లు కాగితంమీద వ్రాసుకొనండి. జాతీయ రహదారిమీద సహాయానికి 1033, ఎక్కడైనా ఆపదకు 112. అన్నిటికన్న ముందు, డ్రైవరు "ఆపుదామా?" అంటే ఆపండి.

తిరుగుప్రయాణంలో కోలారు పొలిమేర చేరినప్పుడు మా అమ్మ డ్రైవరు చేయి పట్టుకొని చూచి, "ఏమీ కాలేదు గదా నాయనా?" అని అడిగినది. అడగవలసినవారము మేము. ఆమె అడిగినది.