నిర్వచనం లేని మాట

1948 నవంబరు 29న రాజ్యాంగ సభ ముసాయిదాలోని 11వ అధికరణాన్ని చేపట్టింది. అంటరానితనం రద్దయింది, ఏ రూపంలోనూ పాటించరాదు అంటుందది. నేటి 17వ అధికరణం అదే.

మతం, కులం కారణంగా పాటించేదే అంటరానితనమని తేల్చిచెప్పాలంటూ నజీరుద్దీన్ అహ్మద్ సవరణ తెచ్చారు. మాటకు నిర్వచనమే లేదని కె.టి. షా ఎత్తిచూపారు. అంబేడ్కర్ సవరణను ఒప్పుకోలేదు. షాకు జవాబూ ఇవ్వలేదు. గాంధీకి జేజేల మధ్య అధికరణం నెగ్గింది. శిక్షలు చెప్పే చట్టం 1955 దాకా రాలేదు. అదీ నిర్వచనం ఇవ్వలేదు.

ఇది లోపమా? కాదంటాం మేము. ‘ఏ రూపంలోనూ’ అన్న మాటే మనకు బలం. నిర్వచనం గీత గీసుంటే, టీకొట్టులో వేరే గ్లాసు, పట్నంలో కులమడిగి ఇవ్వని అద్దె ఇల్లు గీతకవతల పడేవేమో. అంటరానితనం కొత్త వేషం కట్టినప్పుడల్లా, ఇదీ అదేనని పేరుపెట్టి నిలదీయాల్సింది దాన్ని పడ్డవాళ్లమే.