గాలికి బదులు ఆక్సిజన్‌తో బొగ్గు మండిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు పోతాయా?

మీ ఫోన్‌లో గాలి నాణ్యత యాప్ తెరిస్తే పీఎం 2.5తో పాటు ఎన్ఓ2 అంకె కూడా కనిపిస్తుంది. ఊపిరితిత్తులకు చేటు చేసే ఈ నైట్రోజన్ డయాక్సైడ్ వాహనాల నుంచే కాదు, థర్మల్ కేంద్రాల నుంచీ వస్తుంది. 2003-2016 మధ్య వచ్చిన థర్మల్ యూనిట్లకు ఘనపు మీటరు పొగకు 300 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు దాటకూడదని కేంద్రం 2015లో పరిమితి పెట్టింది. 2020లో దాన్ని 450కి సడలించింది.

వీటిని తగ్గించే దారుల్లో ఒకటిగా ఆక్సీ-ఫ్యూయల్ పేరు వినిపిస్తుంటుంది. గాలిలో 78 శాతం నైట్రోజనే కదా, దాన్ని వేరుచేసి ఆక్సిజన్ ఒక్కటే ఇస్తే సమస్య తీరుతుందన్నది వాదన. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఫ్లూయిడైజ్డ్ బెడ్ బాయిలర్ల విషయంలో అసలు కారణం అది కాదు.

ఈ బాయిలర్ అడుగున ఇసుక, బూడిద, సున్నపురాయి పొడి ఉంటాయి. కింది నుంచి వాయువు ఊదితే అదంతా తెర్లే ఎసరులా కదులుతుంది. బొగ్గు అందులో 800-900 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుతుంది. గాలిలోని నైట్రోజన్ చెప్పుకోదగ్గ స్థాయిలో ఆక్సైడ్‌గా మారాలంటే 1,300 డిగ్రీలు దాటాలి. అంటే ఇక్కడ పుట్టే ఆక్సైడ్లు దాదాపు అన్నీ బొగ్గులో సహజంగా ఉండే కొద్దిపాటి నైట్రోజన్ నుంచి వచ్చేవే. గాలి తీసేసినా అది ఎక్కడికీ పోదు.

మరి తగ్గుదల ఎలా?

ఉత్త ఆక్సిజన్‌తో మండిస్తే వేడి అదుపు తప్పుతుంది. అందుకే బయటికి పోయే పొగలో ఎక్కువ భాగాన్ని వెనక్కి తెచ్చి, ఆక్సిజన్‌తో కలిపి మళ్లీ లోపలికి పంపుతారు. దాంతో పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మండే బొగ్గు మధ్య నుంచి మళ్లీ మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. కాలుతున్న బొగ్గు నలుసులు, కార్బన్ మోనాక్సైడ్ కలిసి దానిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. మిగిలేది హాని లేని నైట్రోజన్.

ఆక్సిజన్‌ను విడతలుగా ఇవ్వడం రెండో కిటుకు. అడుగున తక్కువ, పైన మిగతాది. అడుగున కొరత ఉంటే బొగ్గు నుంచి వెలువడే అమ్మోనియా, హైడ్రోజన్ సయనైడ్‌లలోని నైట్రోజన్ ఆక్సైడ్‌గా మారే అవకాశం తగ్గుతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. గంధకపు వాయువును పట్టడానికి వేసే సున్నపురాయి సున్నంగా మారి, అమ్మోనియాను తిరిగి నైట్రిక్ ఆక్సైడ్ వైపు నెడుతుంది. పోనీ వేడి తగ్గిద్దామంటే నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుంది. భూతాపం పెంచడంలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 270 రెట్లు బలమైనది.

అంకెతో జాగ్రత్త

గాలిలోని నైట్రోజన్ లేకపోవడం వల్ల బయటికి వచ్చే పొగ పరిమాణం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్ల బరువు సగానికి తగ్గిందనుకుందాం. అయినా ఘనపు మీటరు లెక్కలో అంకె రెట్టింపు కనిపిస్తుంది! అందుకే ఈ బాయిలర్లను గాలితో నడిచేవాటితో పోల్చాలంటే ఒక్కో మెగాజౌల్ వేడికి ఎన్ని మిల్లీగ్రాములన్న లెక్కే సరైనది. మన పరిమితి ఉన్నది మాత్రం ఘనపు మీటరు లెక్కలో.

ఇదంతా కాగితాల మీది మాట కాదు. స్పెయిన్‌లో పోన్‌ఫెరాడా పట్టణం దగ్గర సియుడెన్ సంస్థ 30 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యంతో ఇలాంటి బాయిలర్ కట్టి, 2011 నుంచి పరీక్షించింది. తర్వాత కట్టాల్సిన 300 మెగావాట్ల స్థాయి కేంద్రం, ఐరోపా యూనియన్ 18 కోట్ల యూరోల సాయం ఉన్నా, ముందుకు సాగలేదు.

ఖర్చు పెద్ద అడ్డంకి. గాలి నుంచి టన్ను ఆక్సిజన్ వేరుచేయడానికే సుమారు 200 యూనిట్ల కరెంటు కావాలి. నిజానికి ఈ పద్ధతి అసలు లక్ష్యం నైట్రోజన్ కాదు, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూమిలో దాచడం. అక్కడా నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవు. పట్టిన వాయువును ఒత్తిడితో కుదించేటప్పుడు తేమతో కలిసి నైట్రిక్ ఆమ్లంగా మారి యంత్రాలను, పైపులను తినేస్తాయి. కాబట్టి పొగగొట్టం అవసరమే లేని కేంద్రంలోనూ వాటిని బాయిలర్‌లోనే తగ్గించుకోక తప్పదు.